తృణరహిత ప్రదేశం

ధ్రువీకరణ శాఖ జిల్లా కార్యాలయం మేడ మీద వరండాలో కాఫీ తాగుతూ నిలబడిన పెద్ద అధికారి కిందకి చూసి, "ఏమిటా బోడి మచ్చలు?" అన్నాడు.

రాజధాని నుంచి తనిఖీకి వచ్చిన మనిషి. ఆయన వెనకాల, బిస్కట్ల పళ్ళెం పట్టుకుని సూపరింటెండెంటు మండపాక కూర్మారావు నిలబడి ఉన్నాడు. ఆ మాట చెవిన పడగానే కూర్మారావు ఖాళీ చెయ్యి దానంతటదే నెత్తి మీదకి పోయింది. అధికారి మాట్లాడుతున్నది కార్యాలయం ముందున్న పచ్చిక గురించి అని కాసేపటికి గాని ఆయనకి వెలగలేదు. వెలిగాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తన తల అయితే ఎవరూ బాగుచేయలేరు కాబట్టి ఎవరినీ బాధ్యులని చేయలేరు. పచ్చిక సంగతి అలా కాదని ఆయనకి అప్పటికి తోచలేదు.

అధికారి కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన అన్న ఆ ముక్క మాత్రం కార్యాలయంలోనే ఉండిపోయింది.

మర్నాడు జిల్లా అధికారి దివాకర పట్నాయక్ అత్యవసర సమావేశం పెట్టారు. పట్నాయక్ గారు ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు చదివినట్టే అడుగుతారని ప్రతీతి.

"బోడి మచ్చ అను పదము శాఖ గౌరవమునకు భంగకరము," అన్నారాయన. "ఇకమీదట సదరు మచ్చలను తృణరహిత ప్రదేశములు అని వ్యవహరించవలెను. ప్రతి సెక్షన్ అధికారియు ఒక్కొక్క తృణరహిత ప్రదేశమును దత్తత తీసుకొనవలెను. దానియందు గడ్డి విత్తనములు చల్లి, మొలిపించి, తృణసహితముగా మార్చవలెను. ఈ సంవత్సరపు పదోన్నతులకు ఇదియే ప్రధాన అర్హత."

పదోన్నతి అనేసరికి కూర్మారావు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ఆయన జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే. ఇంకో ఏడాదిలో పదవీ విరమణ. ఈలోగా గెజిటెడ్ హోదా రావాలి. ఆ హోదా వస్తే ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టొచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆయన ఆకుపచ్చ సిరా బుడ్డి ఒకటి కొని, దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. దాని మూత ఇంతవరకూ తీయలేదు. ఏటా దసరాకి దానికి బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, దణ్ణం పెట్టేవాడు. "ఆ సిరా గడ్డకట్టి ఉంటుందండీ, ఓసారి ఊపి చూడండి," అని భార్య కాంతామణి అంటే, ముహూర్తం రాకుండా ఊపకూడదనేవాడు. చిన్నప్పుడు శ్రీకూర్మంలో మొక్కుకుని ఈ పేరు పెట్టారు గాని, ఆ కూర్మం నడక తన పదోన్నతికి కూడా అంటుకుంటుందని మా వాళ్ళు ఊహించి ఉండరు అని తన మీద తనే నవ్వుకునేవాడు.

దత్తత కార్యక్రమంలో కూర్మారావుకి అన్నిటికన్నా పెద్ద మచ్చ వచ్చింది. అది సరిగ్గా ఆయన కిటికీకి ఎదురుగా ఉంది. ఎవరి కిటికీ ఎదుట ఉన్నది వాళ్ళదే అని పట్నాయక్ గారు తేల్చేశారు. సీనియర్ అసిస్టెంట్ తవిటినాయుడు సెక్షన్ ఎదుట ఉన్నది చిన్న చాటంత మచ్చ. కూర్మారావుది పెళ్ళిభోజనాల పంక్తి పరుచుకునేంత ఉంది.

"పెద్ద పిల్లోడే పుట్టినాడండి మీకు," అన్నాడు తవిటినాయుడు.

విత్తనాలు చల్లే కార్యక్రమం ముహూర్తం చూసి పెట్టారు. మన్ను గుల్లచేశారు, ఎరువు కలిపారు, గులాబీ రిబ్బను కట్టారు. పట్నాయక్ గారు తెల్లని చేతితొడుగులు వేసుకుని, కూర్మారావు మచ్చ మీద పిడికెడు విత్తనాలు చల్లారు. వెంటనే ఆయనతో ఫోటో దిగడానికి సిబ్బంది అంతా ఎగబడ్డారు. గుల్లచేసిన మన్ను మళ్ళీ రోడ్డంత గట్టిపడింది. ఆ తర్వాత పట్నాయక్ గారు గడ్డికీ ప్రజాస్వామ్యానికీ ఉన్న సంబంధం గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు.

ఉపన్యాసం ఊపందుకుంటూ ఉండగా సన్‌షేడ్ల మీంచి పావురాలు దిగాయి. అవి నిదానంగా, మర్యాదగా, వరసగా విత్తనాలు తినడం మొదలుపెట్టాయి. జిల్లా అధికారి మాట్లాడుతుంటే హుష్ అనడం ఎలా? కూర్మారావు తెగించి రెండు చేతులూ చరిచాడు. అది చూసి పక్కవాళ్ళు చరిచారు. వాళ్ళని చూసి అందరూ చరిచారు. చప్పట్లకి పట్నాయక్ గారు పొంగిపోయి ఉపన్యాసం ఇంకాస్త సాగదీశారు. ఈ కార్యాలయంలో ప్రతి సమావేశానికీ చప్పట్లు వినీవినీ రాటుదేలిన పావురాలు తలెత్తి కూడా చూడలేదు.

వారం తిరక్కుండా కూర్మారావుకి మెమో వచ్చింది. 'మీకు అప్పగింపబడిన విత్తనములు ఏ కారణము చేత మొలకెత్తలేదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' కూర్మారావు పావురాల సంగతి రాశాడు. 'పావురములు మీ నియంత్రణలో లేకుండుటకు కారణమేమి?' అని ఇంకో మెమో వచ్చింది. దానికి ఏం రాయాలో తోచక, నెత్తి నిమురుకుంటూ, 'నా నియంత్రణలో ఉన్నవేమిటో నాకే తెలియదు' అని రాసి, చింపేసి, 'ఇకమీదట జాగ్రత్త వహించగలను' అని రాశాడు.

ఈసారి చల్లిన విత్తనాల మీద పలచగా మన్ను కప్పించి, చుట్టూ తాడు కట్టించాడు. పావురాల బెడద తీరింది. జనం బెడద మొదలైంది.

పనుల మీద వచ్చినవాళ్ళు కూర్చోవడానికి వరండాలో బల్లలుండేవి. వాటి మీద పాత బీరువాలు పెట్టేశారు కాబట్టి జనం పచ్చిక మీదే కూర్చునేవారు. అదైనా ఎక్కడపడితే అక్కడ కాదు. కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్ళ కిటికీకి ఎదురుగా కూర్చోవడం ఆ కార్యాలయంలో పాత ఆచారం. కళ్ళెదుట కూర్చుంటే ఎప్పటికైనా కనికరం పుడుతుందని వాళ్ళ ఆశ. కిటికీకి కర్టెన్ వేయించుకోవడం అధికారుల ఆచారం. కూర్మారావుది ముదురు నీలం కర్టెన్.

తాడు కట్టేసరికి ఆ జనం తాడు పక్కకి జరిగి కూర్చున్నారు. కొన్నాళ్ళకి అక్కడా గడ్డి పోయింది. దాని మీద కమిటీ కూర్చుంది.

"తృణరహిత ప్రదేశము స్థానచలనము పొందినది," అని పట్నాయక్ గారు తీర్మానించారు. "దత్తత తీసుకొన్న అధికారి దానిని అనుసరించవలెను."

అంటే కూర్మారావుకి ఇప్పుడు రెండు మచ్చలు. జనం ఒకేచోట కూర్చోకుండా పొద్దున తూర్పున, మధ్యాహ్నం పడమరన కూర్చోవాలని ఉత్తర్వు వేశారు. ఈల ఊదితే అంతా లేచి చోటు మారాలి. ముసలివాళ్ళు లేచేసరికే మళ్ళీ ఈల వినపడేది. దాంతో పచ్చిక నాలుగు మూలలా సమానంగా అరిగింది. మచ్చలు ఉన్నాయని ఇక ఎవరూ అనలేరు గాని, గడ్డి ఉందని కూడా అనలేరు. ఆ పద్ధతి మానేసి, జనాన్నంతా వరండా ఎక్కించారు. వరండా కిక్కిరిసిపోయింది. అధికారులు తమ గదుల్లోకి వెళ్ళే దారి లేక పచ్చిక మీదుగా నడవసాగారు. రెండు రోజుల్లో గేటు నుంచి పట్నాయక్ గారి గది మెట్ల దాకా బోడి చార ఒకటి పడింది. ఆ చారని ఎవరు దత్తత తీసుకోవాలన్నది తేలక, అది అసలు లేనట్టుగా పరిగణించవలెనని ఉత్తర్వు వచ్చింది. జనాన్ని మళ్ళీ కిందకి దింపేశారు.

ఈ గందరగోళంలో నెగ్గినవాడు తవిటినాయుడు ఒక్కడే. అతను పెళ్ళి పందిళ్ళ దుకాణం నుంచి పచ్చ తివాచీ ముక్క తెచ్చి మచ్చ మీద పరిచేశాడు. పట్నాయక్ గారు మేడ మీంచి చూసి మెచ్చుకున్నారు. పదోన్నతికి తవిటినాయుడి పేరు కూడా వినిపించసాగింది. కూర్మారావుకి ఆ రోజు అన్నం సయించలేదు. తివాచీ ఆలోచన తనకి రానందుకు ఏడవాలో, వచ్చినా తన మచ్చకి సరిపడా తివాచీ ఊళ్ళో దొరకదని నవ్వాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆయన కర్టెన్ పక్కకి జరిపి చూశాడు. తాడు లోపల, విత్తనాలు చల్లినచోట, సరిగ్గా నడిమధ్యన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని, పక్కన సంచీ పెట్టుకుని, సొంత అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా ఉంది. ఆవిడ పేరు అసిరమ్మ. ఊరి చివర పాకలో ఉంటుంది. ఆ పాక రోడ్డు మీద లేదని ఈ శాఖ ధ్రువీకరిస్తే తప్ప మీటరు ఇవ్వం అన్నారు కరెంటు ఆఫీసువాళ్ళు. రోడ్డు మీద ఏముందో చెప్పగలం గాని ఏది లేదో ఎలా చెప్పగలం అని ఆ కాగితం కూర్మారావు సొరుగులో మరింత పరిశీలన కోసం ఎదురుచూస్తోంది. అసిరమ్మ కిటికీ ముందు ఎదురుచూస్తోంది.

కూర్మారావు పరుగున బయటికి వెళ్ళాడు.

"ఏమ్మా, కళ్ళు కనిపించటం లేదా? తాడు కట్టాం కదా! విత్తనాల మీద కూర్చున్నావు!"

"ఆయ్, సూసినాను బాబూ," అంది అసిరమ్మ. "తాడు ఇప్పుడు కట్నారు. నాను ఎప్పుటి నుంచో ఇక్కడే కూకుంటన్నాను. ఇంకోకాడ కూకుంటే మీకు అవుపడనేమో అని బయం."

"లే అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇక్కడ గడ్డి మొలవాలి. నా ఉద్యోగం దీని మీద ఉంది."

"మొలవదేటి మరి! గడ్డిదేటుంది, మనిసి లేస్తే అదే మొలుస్తాది. ఆ సంతకం ఎట్టీయండి బాబూ, నాను లేసిపోతాను. సీకట్లో వంట సేసుకోనేక సచ్చిపోతన్నాను."

కూర్మారావు మచ్చ వైపు చూశాడు. తన కిటికీ వైపు చూశాడు. మిగతా కిటికీల వైపు, వాటి ముందున్న మచ్చల వైపు చూశాడు. ఏ సెక్షన్‌లో కాగితం ఎంత కాలం పడుకుంటుందో ఆయనకి తెలుసు. ఆ కొలతకి తగ్గట్టే మచ్చలున్నాయి. అందరికన్నా పెద్దది తనది. ఇన్నాళ్ళూ దత్తత బిడ్డ అనుకున్నది తన సొంత బిడ్డే అని తెలిసి కూర్మారావు చెవులు ఎర్రబడ్డాయి.

నిజానికి అప్పుడు ఆయనకి కలిగింది పశ్చాత్తాపమేమీ కాదు. ముందు ఈవిడని లేపాలి అనిపించింది, అంతే. లోపలికి వెళ్ళి, సొరుగు లాగి, సంతకం పెట్టి, కాగితం తెచ్చి అసిరమ్మ చేతిలో పెట్టాడు. అసిరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయిపోయిందా? ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా."

"మరి ఇన్నాళ్ళూ ఏటి సేసినారు బాబూ?"

ఆవిడ ఎగతాళికి అనలేదు. తెలుసుకుందామనే అడిగింది.

ఆ రోజే ఆయన కర్టెన్ తీయించేశాడు. తన మచ్చ మీద ఎవరు కూర్చుంటే వాళ్ళని పిలిచి కాగితం వెతికి సంతకం పెట్టేవాడు. గడ్డి కోసమే పెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళుగా చట్టం కోసం, ప్రభుత్వం కోసం, ప్రజల కోసం కదలని చెయ్యి గడ్డి కోసం కదులుతున్నందుకు తనలో తను సిగ్గుపడేవాడు. అయినా పెట్టేవాడు. "ఒంట్లో బాగుందా ఏటండి?" అని తవిటినాయుడు నుదురు ముట్టి చూశాడు. ఇంటి దగ్గర కాంతామణి కూడా, ఆయన ఫైళ్ళ గురించి విసుక్కోకుండా అన్నం తింటున్నాడని గమనించి, డాక్టరుకి చూపించుకోమంది.

కిటికీ ముందు జనం పలచబడ్డారు. తర్వాత ఎవరూ లేరు. నీళ్ళు చిలకరించడం తప్ప కూర్మారావు ఇంకేమీ చేయలేదు. ఒకరోజు పొద్దున వంగి చూస్తే, మన్నులోంచి సూదుల్లాంటి మొలకలు లేచి ఉన్నాయి. ఆయన అక్కడే చతికిలబడ్డాడు. తన సంతకం వల్ల ఏదైనా మొలవడం ఆయన చూడటం అదే మొదలు. తడిసిన కళ్ళు తుడుచుకోబోతే చేతికి మన్ను ఉంది, అందుకని అలాగే వదిలేశాడు.

చూస్తుండగానే మచ్చంతా పచ్చికతో నిండిపోయింది. పట్నాయక్ గారు దిగి వచ్చి చూసి, తమ ఉపన్యాసం విత్తనముల మీద ప్రభావము చూపినట్లు నివేదిక రాయించారు. కూర్మారావు దేవుడి గూట్లో బుడ్డి తీసి మొదటిసారి మెల్లగా ఊపి చూశాడు. లోపల కదిలింది. సిరా బతికే ఉంది.

ఆ మర్నాడే పట్నాయక్ గారు మేడ మీద తమ గదికి పిలిపించారు.

"మీ సెక్షన్‌లో పెండింగు లేదని విన్నాను. నిజమేనా?"

"నిజమేనండి."

"ఒక్కటి కూడా?"

"క్షమించాలండి."

పట్నాయక్ గారు నిట్టూర్చారు. "ప్రధాన కార్యాలయము వారు ప్రశ్నించుచున్నారు. పెండింగు లేని సెక్షన్‌కు గెజిటెడ్ పోస్టు ఏల? వేచియున్న ప్రజలు లేరు. పోనీ, వేచియుండిన జాడ అయినా లేదు. కనీసము ఒక తృణరహిత ప్రదేశము మిగిలియున్నచో, ఇచట పనిభారము కలదని చూపుకొనుటకు వీలుండెడిది. మీరు దానిని కూడా పూడ్చివేసితిరి."

"మీరే కదండీ పూడ్చమన్నారు?"

"పూడ్చమని ఆదేశించితిని. పూడిపోవునని ఎవరనుకొన్నారు?" పట్నాయక్ గారు గొంతు తగ్గించారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడటం కూర్మారావు వినడం అదే మొదటిసారి. "చూడండి కూర్మారావు గారూ, మీరు మంచివారు. నెలాఖరుకి మళ్ళీ తనిఖీ ఉంది. మీ పదోన్నతి ఫైలు ఇదిగో, నా బల్ల మీదే ఉంది. ఈలోగా ఒక మచ్చ కనిపించేలా చూడండి. మచ్చ లేకపోతే పోస్టు లేదు. పోస్టు లేకపోతే మీరు లేరు."

"మచ్చ సృష్టించమంటారా?"

"సృష్టి అనకండి," అన్నారు పట్నాయక్ గారు మళ్ళీ తమ భాషలోకి వెళ్ళిపోతూ. "పునరుద్ధరణ అనుడు."

కూర్మారావు కిందకి వచ్చేసరికి బల్ల మీద కొత్త కాగితం ఉంది. అసిరమ్మ పక్క పాకావిడ నారాయణమ్మది. తన పాక కూడా రోడ్డు మీద లేదని రాసిమ్మంటోంది. మచ్చ ఎలా తయారవుతుందో ఈ శాఖలో తనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఏమీ చేయనక్కర్లేదు. ఈ కాగితం సొరుగులో పడేస్తే చాలు. ఆయన సొరుగు లాగాడు. కాగితం పెట్టాడు. మూశాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు కాబట్టి చప్పుడు కూడా కాలేదు.

కిటికీలోంచి చూశాడు. నారాయణమ్మ పచ్చిక దగ్గరికి వచ్చి, కిటికీ ఎదురుగా చోటు చూసుకుని, మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా కూలబడుతోంది. ఆవిడ కింద కొత్త గడ్డి వంగింది.

కూర్మారావుకి గడ్డి మీద జాలేసిందో మనిషి మీద జాలేసిందో చెప్పడం కష్టం. సొరుగు లాగి, సంతకం పెట్టి, "అమ్మా, లే. అయిపోయింది, తీసుకెళ్ళు," అని కిటికీలోంచే కేకేశాడు. నారాయణమ్మ పూర్తిగా కూర్చోనైనా కూర్చోలేదు.

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన ఖాళీ బల్ల వైపు చూశాడు. మచ్చ కావాలి. దాని కోసం ఒకళ్ళని కూర్చోబెట్టే ధైర్యం ఇక తనకి లేదు. కాని బరువుకేం, తన బరువు తనకుంది. పైగా చేయడానికి పనీ లేదు. తన కాగితం పట్నాయక్ గారి బల్ల మీద ఉంది. పట్నాయక్ గారి గది సరిగ్గా తన గదికి పైన, కిటికీ ఇటువైపే. ఆచారం ప్రకారం చూసినా తను కూర్చోవలసిన చోటు అదే. కూర్మారావు వెళ్ళి పచ్చిక మీద కూర్చున్నాడు.

రోజూ కూర్చున్నాడు. సంతకం పెట్టవలసింది ఏదైనా వస్తే లేచి వెళ్ళి పెట్టి వచ్చి కూర్చునేవాడు. తనిఖీ వచ్చింది, వెళ్ళింది. మచ్చ పడింది, మెచ్చుకున్నారు. ఫైలు పరిశీలనలో ఉన్నది, వేచియుండవలెను అన్నారు. ఆయన వేచి ఉన్నాడు. మచ్చ పెద్దదవుతోంది.

ఒక మధ్యాహ్నం అసిరమ్మ వచ్చింది. పాకలో దీపం వెలిగిందని చెప్పి ఉడికించిన తేగలు ఇచ్చి పోదామని వచ్చింది. కిటికీలో ఆయన కనపడలేదు. వెనక్కి తిరిగితే తన పాత చోట్లో కాళ్ళు చాపుకుని, పక్కన టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్న కూర్మారావు కనిపించాడు.

"ఏటి బాబూ, మీ కాయితం కూడానా?"

"అవునమ్మా."

"ఎవులికాడుంది?"

కూర్మారావు పైకి చూపించాడు. అసిరమ్మ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మేడ మీద కిటికీ చూసింది.

"కర్టెను ఏసీసినారు," అంది.

"వేశారు."

"అయితే ఈయేల అవ్వదు." అసిరమ్మ కొంగు సర్దుకుంది. "మీరలాగ కూకుంటే నడుం పట్టేస్తాది బాబూ. ఈ కాలు ముడుసుకోండి, ఆ సెయ్యి ఎనకాల ఆనుకోండి. ఇంకాసేపట్లో ఎండ ఇటు తిరుగుతాది. కూసింత అటు జరగండి, నానూ కూకుంటాను."

కూర్మారావు జరిగాడు. అసిరమ్మ పక్కన కూర్చుని, తేగ విరిచి సగం ఆయన చేతిలో పెట్టింది.